షెడ్డు బోర్డుకు ఒక గోడ

మా తల్లిగారింట్లో కరెంటు వంటింటి కిటికీలోంచి బయటికొచ్చి, బట్టలారేసే దండెం పట్టుకుని, ఇంటి వెనక జాగా దాటి షెడ్డులోకి పోయేది. చెబితే నవ్వుతారు గానీ మా ఇంట్లో ఎవరికీ అది వింతగా అనిపించేది కాదు. ఒక నల్ల వైరు, దానికి అక్కడక్కడా ఎర్ర టేపు చుట్లు, దాని పక్కనే నా బడి బట్టలు, అమ్మ చీరలు. తడి చీర వైరుకు తగలకుండా ఎలా ఆరేయాలో నాకు అ ఆలు రాకముందే వచ్చు.

ఆర్మూర్‌లో హైవే దిగి లోపలికి వస్తే చివరి వాడ మాది. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో అమ్మ గిర్ని. పసుపు కొమ్ములో, ఎండు మిరపకాయలో తెచ్చిన వాళ్లకు పొడి పట్టి ఇచ్చేది. మోటరు తిరగడం మొదలైతే ఇంట్లో బల్బు కళ్లు తేలేసేది, ఫ్రిజ్ మూలిగేది. అందుకని అమ్మ ఒక పద్ధతి పెట్టింది. మోటరు వేసే ముందు షెడ్డు గుమ్మంలో నిలబడి కేక వేసేది.

"గిర్ని ఏస్తున్నా!"

ఇంట్లో ఎవరుంటే వాళ్లు లేచి ఫ్రిజ్, కూలర్, ఇస్త్రీ పెట్టె, ఏది నడుస్తుంటే అది బంద్ చేసి తిరిగి కేక వేయాలి.

"ఏస్కో!"

ఆ జవాబు వినపడకుండా అమ్మ మోటరు జోలికి పోయేది కాదు. టీవీలో సినిమా ఆఖరి ఫైటు నడుస్తున్నా సరే, గిర్ని ముందు అది దిగదుడుపే. ఇంటికొచ్చిన చుట్టాలకు మంచినీళ్లిచ్చాక చెప్పే మొదటి ముచ్చట కూడా ఇదే. మా మేనత్త ఒకసారి కూర్చున్న చోటి నుంచే "ఏస్కో" అనేసి తన చీర ఇస్త్రీ చేసుకుంటూనే ఉంది. ఫ్యూజు ఢామ్మని పోయింది. ఆ తర్వాత ఆమె మా ఇంటికి రావడం తగ్గించింది. అమ్మ దానికి పెద్దగా బాధపడినట్టు నాకైతే కనిపించలేదు.

ఇంతకీ మా బాపు ఎలక్ట్రీషియన్. గల్ఫ్‌లో. అక్కడ అంతస్తుల మీద అంతస్తులకు వైరింగు చేసే మనిషి ఇంట్లో కరెంటు దండెం మీద నడుస్తోందని వాడకట్టంతా ఎగతాళి చేసేది. ఆయన మాత్రం ఏం చేస్తాడు! రెండేళ్లకోసారి వచ్చేవాడు. దసరా ముందు దిగి, చలి ముదరకముందే విమానం ఎక్కేవాడు. ఆ కాస్త రోజుల్లోనే పెళ్లిళ్లు, మొక్కులు, చావు పలకరింపులు, పెట్టెలో తెచ్చిన సబ్బులూ సెంట్లూ పంచడాలు. వైరు సంగతి వచ్చే లీవుకు వాయిదా పడేది.

అయినా మా ఇంటి కరెంటు బాగోగులు చూసింది ఆయనే, ఫోన్లో. శుక్రవారం వాళ్లకు సెలవు, ఆ రోజు ఫోను వచ్చేది. నా స్నేహితురాళ్ల నాన్నలు ఫోన్లో చదువు గురించి అడిగేవాళ్లట. మా బాపు ఫ్యూజు గురించి అడిగేవాడు. అది పోయి ఉంటే ఇక ఆ వారం ముచ్చట్లన్నీ దాని మీదే. అమ్మ ఫోను స్పీకరులో పెట్టి, మీటరు పెట్టె పక్కన గూట్లో నిలబెట్టి, పని మొదలుపెట్టేది.

"మెయిన్ బంద్ చేసినవా?" అని ఆ గూట్లోంచి బాపు అడిగేవాడు.

"చేసిన."

"చెప్పులు ఏసుకున్నవా?"

"ఏసుకున్న తియ్."

"ఒక్క పోగే సుట్టు. నువ్వు మూడు పోగులు సుడ్తవు, నాకెర్కే."

"ఒక్కటే సుట్టిన," అనేది అమ్మ, మూడో పోగు చుడుతూ.

లైటు వెలిగేది. తర్వాత బాపు జాగ్రత్త చెబుతూ "పైలం" అనేవాడు, అమ్మ "నువ్వు గూడ" అనేది, ఫోను పెట్టేసేవాళ్లు. వాళ్ల కాపురంలో సగం ఆ మీటరు పెట్టె ముందే గడిచిందనిపిస్తుంది నాకు. ఆ రోజుల్లో అది చూసి విసుగొచ్చేది, ఒక్క మంచి మాటైనా మాట్లాడుకోరేమని. మెయిన్ బంద్ చేసినవా అని అంత దూరం నుంచి అడగడం కంటే మంచి మాట ఏముంటుందో అప్పటికి నాకు తెలియదు.

నాకు పెళ్లయి వేల్పూర్ పోయాక, తొలిచూలుతో పురిటికి తల్లిగారింటికి వచ్చిన ఏడు సంగతి ఇది. ఆ ఏడే దసరాకు బాపు వచ్చాడు. అక్కడ సైటు పని ముగిసిందని కంపెనీ అందరినీ ఇంటికి పంపింది. ఏజెంటు మాత్రం వదల్లేదు. మరో దేశంలో మరో సైటు ఉంది, ఎండలు ముదిరేలోపు వీసా వచ్చేస్తుంది, ఊ అంటే చాలని వెంటపడ్డాడు. పాస్‌పోర్టు బీరువాలో అమ్మ పట్టుచీరల కింద ఉంది. ఈసారి బాపు పోతాడా, ఉంటాడా? ఇంట్లో ఉన్నదే ముగ్గురం. ముగ్గురి తలల్లోనూ అదే ప్రశ్న, నోటికి మాత్రం ఎవరికీ వచ్చేది కాదు.

నాకైతే ఉండిపోవాలని ఉంది. బాపు ఒళ్లో కూర్చున్న జ్ఞాపకాలు నాకు చాలా కొద్ది, అవీ మిఠాయి డబ్బాల వాసనతో కలిసిపోయి ఉంటాయి. నా బిడ్డకైనా తాత చేతికందే దూరంలో ఉండాలని ఆశ. అమ్మ సంగతి వేరు. నా చిన్నప్పుడు ఒక లీవులో ఉండిపొమ్మని ఏడ్చింది. బాపు సరేనన్నాడు. టికెట్టు వచ్చాక వెళ్లిపోయాడు. అప్పటి నుంచి అమ్మ ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

బాపుకేమో ఇంట్లో ఏం చేయాలో తెలిసేది కాదు. పొద్దున్నే లేచి, కంపెనీ బస్సు వస్తుందన్నట్టు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ముందు గదిలో కుర్చీలో కూర్చునేవాడు. అమ్మా నేనూ స్టీలు గ్లాసుల్లో చాయ్ తాగితే ఆయనకు పింగాణీ కప్పూ సాసరూ వచ్చేవి. పాలాయన, పసుపు బేరగాడు, ఎవరొచ్చినా బాపును దాటి లోపలికి "వదినా" అని కేకేసేవాళ్లు. ఆయన కాళ్లు దగ్గరికి లాక్కుని వాళ్లకు దారి ఇచ్చేవాడు.

బజారుకు పోయినా అంతే.

"ఎప్పుడొచ్చినవ్ అన్నా? మళ్ల ఎప్పుడు పోవుడు?"

గల్ఫ్ నుంచి వచ్చినవాణ్ని మా ఊళ్లో ఈ రెండు ప్రశ్నలూ ఒకే గుక్కలో అడుగుతారు. అందులో చెడు ఉద్దేశమేమీ ఉండదు. మధ్యలో కాస్త ఊపిరి పీల్చుకుంటే ఏం పోయిందని నా కోపం. బాపు మొదటిదానికి జవాబు చెప్పి, రెండోదానికి ఊరికే నవ్వేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం కుర్చీలో కూర్చోలేక షెడ్డులోకి వెళ్లిన బాపు ఒక ఘనకార్యం చూశాడు. అమ్మ గిర్ని స్విచ్చును చెక్క తెడ్డుతో కొట్టి వేస్తోంది.

"గదేందే, కట్టెతోని కొడ్తున్నవ్?"

"చెయ్యితోని ముడ్తే జర చుర్రుమంటది. గంతే."

"గంతేనా! ఎప్పటిసంది?"

"నిరుడు వానలప్పటిసంది."

"మరి ఫోన్ల చెప్పలేదేంది?"

"గాడ గూసోని నువ్వేం జేస్తవ్?" అంది అమ్మ. తిట్టలేదు. నిజంగానే అడిగింది.

బాపు ముఖం మాడిపోయింది. వాళ్ల సైటులో అలాంటి స్విచ్చు ఒక్కటి కనిపిస్తే పని ఆపేసి, ఈల ఊది, జనాన్నంతా బయట నిలబెడతారట. ఆయన బయటికొచ్చి దండెం మీద వైరు పట్టుకు చూశాడు. వెచ్చగా ఉంది. టేపు కరిగి వేలికి అంటుకుంది. ఆ వేలు చాలాసేపు చూసుకున్నాడు.

"ఖలాస్," అన్నాడు. "గీ షెడ్డుకు దాని బోర్డు దానికే పెడ్త. ఇంటి మీద బరువు వడద్దు, నీకు చుర్రుమనద్దు."

"నీ ఇష్టం," అంది అమ్మ.

తెల్లారి నుంచి మా ఇంట్లో కొత్త మనిషి తిరగడం మొదలుపెట్టాడు. ఇస్త్రీ చొక్కా పోయి, జేబుల నిండా మేకులున్న పాత ప్యాంటు వచ్చింది. నేను వాచిన కాళ్లతో వెనక జాగాలో ఎండకు కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. నాకు ఆ నెలల్లో ఉన్న పని అదొక్కటే. కొత్తగా పనిలో చేరిన మనిషికి చెప్పినట్టు బాపు నాకు అంతా వివరించేవాడు. మీటరు దగ్గర షెడ్డు కోసం వేరే బ్రేకరు. అక్కడి నుంచి పైపులో పెట్టిన లావు కేబులు, భూమిలోంచి. షెడ్డులో ఒక చిన్న బోర్డు, అందులో గిర్నికి ఒక స్విచ్చు, లైట్లకొకటి, ఫ్యానుకొకటి. వాటన్నిటికీ పెద్దదిక్కుగా ఇంకొకటి. కరెంటు ఎక్కడన్నా దారి తప్పి మనిషి ఒంట్లోకి పోబోతే, రెప్పపాటులో తనంతట తానే పడిపోయి అన్నీ బంద్ చేస్తుందట. షెడ్డు పక్కన ఎర్తింగుకు గుంత, అందులో ఉప్పు, బొగ్గు.

కేబులు కోసం ఇంటి నుంచి షెడ్డు దాకా తనే కాలువ తవ్వాడు. తవ్వేటప్పుడు గల్ఫ్ నుంచి తెచ్చుకున్న పచ్చ హెల్మెటు, ఇనుప ముక్కు బూట్లు వేసుకున్నాడు. సొంత ఇంటి వెనక మోకాలి లోతు గుంతకు హెల్మెటు పెట్టుకున్న మనిషిని ఆర్మూర్ అంతకుముందు చూసి ఉండదు. గోడ మీది నుంచి తొంగి చూసిన వాళ్లందరూ "నల్లా పైపా అన్నా?" అని అడిగేవాళ్లు. కాదు, కరెంటు అంటే "ఆహా" అనేవాళ్లు. ఆ వెంటనే, మరి ఎప్పుడు పోవుడు?

"గా డిప్ప తియ్యరాదయ్యా, మంది నవ్వుతున్నరు," అని అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని తనే నవ్వేది.

"సేఫ్టీ ఫస్ట్," అనేవాడు బాపు గుంతలోంచి.

వాళ్లిద్దరూ ఎదురెదురుగా ఉండి నవ్వుకోవడం నేను అప్పుడే తీరిగ్గా చూశాను. కడుపులో బిడ్డ కూడా కదిలేది. ఆ చలికాలపు ఎండ, తవ్విన మట్టి వాసన, బాపు గునపం చప్పుడు, ఇవన్నీ నా జీవితంలో అతి సుఖమైన రోజులకు సంబంధించినవి.

చిక్కల్లా గోడ దగ్గర వచ్చింది. షెడ్డులో గుమ్మం ఎదురుగా పొడుగాటి గోడ ఒకటి ఉంది. వాన జల్లు కొట్టదు, చెమ్మ ఎక్కదు, వెలుతురు బాగా పడుతుంది. బాపు దానికి సుద్దతో గీత గీశాడు.

"బోర్డంటే గుమ్మంల అడుగువెట్టంగనే కనవడాలె. ముంగట ఏ అడ్డం ఉండద్దు. రూలు," అన్నాడు నాతో.

ఆ గోడ సంగతి నాకు తెలుసు. చలికాలం చివర పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టాక మా రెండెకరాల పంటతో పాటు వాడకట్టులో తెలిసిన వాళ్ల సంచులన్నీ మా షెడ్డులోకే వస్తాయి. మంచి రేటు వచ్చేదాకా అక్కడే ఉంటాయి. తడి తగలని గోడ అదొక్కటే కాబట్టి సంచులన్నీ దానికే ఆనించి, కింది నుంచి రేకుల దాకా పేరుస్తారు. ఆ రోజుల్లో అక్కడ ఒక గోడ ఉందనే ఎవరికీ గుర్తుండదు. బాపుకు మాత్రం ఆ సంగతి తెలిసే దారి లేదు. ఆయన వచ్చినప్పుడల్లా పసుపు ఇంకా చేలోనే, పచ్చగా, నడుమెత్తున ఉండేది. షెడ్డు నిండేసరికి ఆయన గల్ఫ్‌లో ఉండేవాడు.

నేను చెప్పబోయాను. అప్పుడే చాయ్ తీసుకుని అమ్మ వచ్చింది. గోడ మీద గీత చూసింది. ఆమె నోరు కూడా తెరుచుకుంది. బాపు ఈల వేసుకుంటూ డ్రిల్లు మిషను తుడుస్తున్నాడు. అమ్మ ఆయన ముఖం చూసి, నోరు మూసుకుని, నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు నాకు చిన్నప్పటి నుంచి పరిచయమే. నేనూ నోరు మూసుకున్నాను. అమ్మ చాయ్ ఇచ్చి వెళ్లిపోయింది. ఆ రోజు చాయ్ స్టీలు గ్లాసులో ఉంది.

వంటింట్లోకి వెనకే వెళ్లి పట్టుకున్నాను.

"గా గోడ వద్దని చెప్పరాదే? సీజన్ల ఏం జేస్తవ్?"

"చెప్పద్దు బిడ్డా."

"ఎందుకు?"

"ఇన్నొద్దులకు మొకం తెల్లగైంది. ఇప్పుడు అడ్డం చెప్తే చేతులు కడుక్కోని వోయి మళ్ల కుర్చీల గూసుంటడు. కుర్చీల గూసుంటె విమానం యాదికొస్తది." పొయ్యి మీద గిన్నె దించి, నా వైపు చూడకుండానే అంది. "పసుపు వచ్చేదాంక ఉంటె గదా, గా గోడ ముచ్చట."

ఆమె లెక్క ఎంత మొండిదో అప్పుడర్థమైంది. ఎప్పటిలాగే ముందే వెళ్లిపోతే తను తప్పు గోడకు బోర్డు పెట్టానని ఆయనకు ఎన్నటికీ తెలియదు. తెలిసే రోజంటూ వస్తే, ఆ రోజు ఆయన ఇంట్లో ఉన్నట్టే. మా అమ్మ బడికి పోయింది తక్కువే గానీ ఇలాంటి లెక్కలు మాత్రం ఆమెకు పుట్టుకతోనే వచ్చు.

బోర్డు ఎక్కింది. స్విచ్చుల కింద ఏది దేనిదో సైటు అలవాటు కొద్దీ ఇంగ్లీషులో రాశాడు. "నాకేం దెలుస్తది గది?" అని అమ్మ అంటే తుడిచేసి తెలుగులో రాశాడు. తెలుగు రాసి ఎన్నేళ్లయిందో, గిర్ని అన్న మాట ఎగుడుదిగుడుగా వచ్చింది. మోటరు విప్పి దుమ్ము దులిపి దానికీ ఎర్తు కలిపాడు. దండెం మీది వైరు తీసేశాడు. చూడవచ్చిన ప్రతివాడికీ టెస్టు బటను నొక్కి, టక్కుమని పడిపోవడం చూపించి, మళ్లీ లేపేవాడు. మా వాడకట్టులో అందరి ముందూ అది ఎన్నిసార్లు పడి లేచిందో దానికే తెలియాలి.

అమ్మ మాత్రం కేక మానలేదు.

"గిర్ని ఏస్తున్నా!"

"గిప్పుడెందుకే గది? ఫ్రిజ్ నడవని, కూలర్ నడవని, అన్ని నడవని. నువ్వు ఏస్కో," అని బాపు నచ్చజెప్పాడు. అమ్మ వింటేనా. షెడ్డు గుమ్మంలో జవాబు కోసం నిలబడే ఉండేది. రెండు మూడు రోజులు పోట్లాడి, చివరికి బాపే ముందు గదిలోంచి "ఏస్కో!" అని అరవడం మొదలుపెట్టాడు. అన్నేళ్లూ నేనో, చుట్టాలో ఇచ్చిన జవాబు అది. ఆయన గొంతులో వినడం నాకెంతో బాగుండేది. ఇప్పటికీ చెవుల్లో ఉంది.

నాకు పాప పుట్టింది. బాపు దానికి నీళ్లు కాచేవాడు, ఉయ్యాల ఊపేవాడు, ఏడిస్తే హిందీలో బతిమాలేవాడు. చలి తగ్గింది. ఊరి చుట్టూ పసుపు తవ్వకాలు మొదలయ్యాయి. ఏ దారిన పోయినా ఉడికిన పసుపు వాసనే. ఏజెంటు ఫోన్లు కూడా ఎక్కువయ్యాయి. ఒక రోజు పొద్దున బాపు మళ్లీ ఇస్త్రీ చొక్కా తొడిగాడు. నిజామాబాద్ పోయి ఏజెంటుతో మాట్లాడొస్తానన్నాడు. అమ్మ తల ఊపి, బీరువా తెరిచి, చీరలు ఎత్తి, పాస్‌పోర్టు తీసి ఇచ్చింది. ఆయన బస్సెక్కాక షెడ్డులోకి పోయి, ఆ పూట కేక కూడా వేయకుండా గిర్ని నడిపింది.

అదే రోజు మా పసుపు వచ్చింది. ట్రాక్టరు వెనక ట్రాక్టరు. హమాలీలు ఏటా వచ్చేవాళ్లే, వాళ్లకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. సంచులు మోసుకుంటూ వచ్చి తిన్నగా ఆ గోడ దగ్గరికే పోయారు. పెద్ద హమాలీ బోర్డు చూసి ఆగి, "అక్కా, గిదేందో కొత్త డబ్బా ఉన్నది?" అన్నాడు.

అమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. పాస్‌పోర్టు పోయిన దిక్కుకే ఆమె మనసు పోయిందని ముఖం చూస్తే తెలుస్తోంది.

"పెట్టుర్రి. ఏం గాదు," అంది.

మధ్యాహ్నానికి బోర్డు లేదు, గోడ లేదు. రేకుల దాకా సంచులు. సరిగ్గా అప్పుడే, పొడి పట్టించుకోవడానికి ఆడవాళ్లు సంచీలతో వరసలో కూర్చుని ఉండగా, మోటరు ఆగిపోయింది, ఫ్యాను ఆగిపోయింది. సంచుల వెనక ఎక్కడో టక్కుమంది. పొద్దుటి నుంచి విరామం లేకుండా తిరిగిన మోటరులోకి పసుపు దుమ్ము చేరి కరెంటు కారుతోంది. అంతకుముందైతే అమ్మకు చుర్రుమని ఊరుకునేది. బాపు పెట్టిన స్విచ్చు పడిపోయి తన పని తాను చేసింది. దాన్ని లేపాలంటే మాత్రం చెయ్యి పోయే సందు లేదు.

బాపు గేటు తీసుకుని వచ్చింది అప్పుడే. తెల్ల చొక్కా, చేతిలో ప్లాస్టిక్ కవరు. "వచ్చే వారం వీసా మెడికల్‌కు రమ్మన్నరు," అని నాతో అంటూనే షెడ్డు వైపు చూశాడు. గుమ్మంలో నిలబడిపోయాడు.

"బోర్డేది?"

ఆయన కవరు నా చేతిలో పెట్టి, చెప్పులు విడిచి, సంచులెక్కి, రేకులకూ సంచులకూ మధ్య బోర్లా పాకుతూ పోయాడు. కాళ్లు మాత్రం బయటికి కనిపించాయి. లోపల చెయ్యి పెట్టి తడిమాడో ఏమో గానీ అందలేదు. తిరిగి వెనక్కి పాకి దిగేసరికి చొక్కా, జుట్టు, మీసం, కనుబొమలు అన్నీ పసుపే. వరసలోని ఆడవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. ఆయన మాత్రం నవ్వే స్థితిలో లేడు.

"బోర్డు ముంగట సంచులు ఎవడు వెట్టమన్నడు? తియ్యుర్రి అన్ని!"

పెద్ద హమాలీ తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ మెల్లగా అన్నాడు. "అన్నా, ఏటేట గీడనే పెడ్తం గదా. పసుపుకు గీ గోడ తప్ప వేరే గోడ ఏడున్నది?"

ఏటేట అన్న మాట దగ్గర బాపు ఆగిపోయాడు. సంచుల వైపు కింది నుంచి మీదిదాకా చూశాడు. తర్వాత అమ్మ వైపు తిరిగాడు.

"మరి నాకు చెప్పద్దా?"

"నువ్వు ఎన్నడన్న పసుపు కాలంల ఇంటికాడున్నవా?" అంది అమ్మ. గొంతులో కోపం లేదు. "నువ్వొచ్చినప్పుడు గా గోడ ఖాళీగనే ఉంటది. నువ్వట్ల కొడ్తుంటె సూడ మంచిగనిపిచ్చింది. వద్దనబుద్ధి గాలె."

బాపు కిందున్న సంచి మీద కూలబడ్డాడు. హమాలీలు మూల మీద సంచులు కొన్ని దించి సందు చేశారు. మోటరు దులిపి, స్విచ్చు లేపి, వరసలో ఉన్న వాళ్లందరికీ పొడి పట్టి పంపేసరికి పొద్దు వాలింది. అంతసేపూ బాపు అక్కడే కూర్చుని సంచులు, తూకం, వచ్చే పోయే జనం, గిర్ని ముందు వంగి లేస్తున్న అమ్మ, అన్నీ చూస్తూ ఉన్నాడు. ఇక అయిపోయిందనుకున్నాను. అమ్మ భయపడ్డదే జరిగింది, లేచి పోయి కుర్చీలో కూర్చుంటాడు, వచ్చే వారం మెడికల్‌కు పోతాడు. ఏడుపు వస్తుంటే పాపను ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయాను.

మరునాడు లేచేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. షెడ్డులోంచి చప్పుడు. పాపను భుజాన వేసుకుని వెళ్లాను. బాపు మీటరు దగ్గర బంద్ చేసి వచ్చి, ముందురోజు చేసిన సందులోంచి బోర్డు ఊడదీశాడు. దాన్ని పసిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని అమ్మ ముందు నిలబడి ఉన్నాడు. అమ్మ పసుపు కొమ్ములు తట్టలోకి ఎత్తుతోంది.

"మరి ఏడ పెట్టాలె? నువ్వే చెప్పు," అన్నాడు.

అమ్మ తట్ట దించింది. గుమ్మానికీ గిర్నికీ మధ్య ఉన్న స్తంభం దగ్గరికి పోయి, సంచులూ జల్లూ రెండూ తగలని చోట అరచెయ్యి ఆనించింది. తీశాక అక్కడ పసుపు చెయ్యి అచ్చు పడింది.

"గీడ."

"గింత కిందికా?"

"నువ్వు పోయినంక ఏసేది, తీసేది నేనే గదా. నాకు అందాలె."

కూరలో ఉప్పు సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది. బాపు ఆ చెయ్యి అచ్చునే చూస్తూ నిలబడ్డాడు. నేను పాప వీపు నిమరడం ఆపేశాను. ఆయన బోర్డు కింద పెట్టి, చెవి మీది పెన్సిల్ తీసి, అమ్మ చెయ్యి అచ్చుకు పైన తన జాన పెట్టి కొలిచాడు.

"జానెడు మీదికి పెడ్త."

"ఎందుకు?"

"గంత కిందికయితె రోజు వంగుడు నాతోని గాదు. నడుం వట్టుకుంటది."

అమ్మకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కూడా ఆమె ముఖంలో ఏమీ మారలేదు, చేతికంటిన పసుపు మాత్రం కొంగుకు తుడుచుకుంది, అది పోయాక కూడా మళ్లీ తుడుచుకుంది. నా కళ్లు మసకబారి బాపు సరిగ్గా కనిపించలేదు. అమ్మ స్తంభం వైపు చెయ్యి చాపి చూసుకుంది.

"జానెడు వద్దు. బెత్తెడు వెట్టు," అంది. "నాకు గూడ అందాలె."

బాపు బెత్తెడు పైన గీత గీశాడు.